బెరిల్ చూడని ముగింపు

సాయంత్రం దీపాలు వెలిగే వేళకు మా థియేటర్ల వీధుల్లో ఆకలి మొదలవుతుంది. అది కడుపులో పుట్టే ఆకలి కాదు, తెర లేచేలోపు ఏదో ఒకటి తినెయ్యాలన్న తొందర. జనం తడిసిన గొడుగులు దులుపుకుంటూ, టికెట్లు ఉన్నాయో లేదో జేబులు తడుముకుంటూ ఒక్కసారిగా వస్తారు. ఒక్కసారిగానే లేచి వెళ్ళిపోతారు. ఆ కాసేపు ప్రతి రెస్టారెంటూ పోటెత్తిన సముద్రం. తర్వాత మిగిలేవి నలిగిన తెల్లగుడ్డలు, సగం తాగిన గ్లాసులు, ఎవరో మరిచిపోయిన ఒంటి చేతి తొడుగు.

ఆ నవంబరు సాయంత్రం ఆ పోటులో పడి లోపలికి వచ్చినవాళ్ళలో బెరిల్ టాప్‌స్కాట్ ఒకతె. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, నల్ల గౌను. పక్కన ఆమె భర్త క్లిఫ్, ఎప్పుడో కుట్టించిన సూటులో, ఎడమ భుజం కాస్త కిందికి జారి.

ఆ రెస్టారెంటు ముందు తలుపులోంచి బెరిల్ అడుగు పెట్టడం అదే మొదటిసారి. వెనక తలుపు మాత్రం ముప్పై ఏళ్ళుగా తెలుసు. థియేటర్లో నటులూ పనివాళ్ళూ వెళ్ళే తలుపు, ఈ రెస్టారెంటు వంటగది తలుపు ఒకే సందులోకి తెరుచుకుంటాయి. బోర్లించిన డబ్బాల మీద కూర్చుని సిగరెట్లు కాల్చే వంటవాళ్ళను దాటుకుంటూ, వేగుతున్న ఉల్లిపాయల వాసన దాటుకుంటూ, ఉతికి ఇస్త్రీ చేసిన కాలర్లు చేతిమీద వేసుకుని రోజూ ఆ సందులోంచి ఆమె నడిచింది. లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ ఊహించలేదు. అంత తీరిక ఎప్పుడూ దొరకలేదు.

బెరిల్ డ్రెస్సర్. అంటే నటులకు బట్టలు తొడిగే మనిషి. స్టేజి పక్క చీకట్లో చేతిమీద గౌను పట్టుకుని నిలబడి ఉంటుంది. వెలుతురులోంచి ఒక రాణి పరుగెత్తుకొస్తుంది. రెండు ఊపిరుల్లో ఆమెను విప్పి, ఇంకో మనిషిగా తొడిగి మళ్ళీ వెలుతురులోకి తోసెయ్యాలి. ఆ తర్వాత నేలమీద కుప్పగా పడిన బట్టలు ఏరుకుని, సన్నని ఇనుప మెట్లెక్కి పై అంతస్తుకు మోసుకుపోవాలి. ఆమె కిందికి దిగి వచ్చేసరికి చప్పట్లు వినిపిస్తుండేవి. అందుకే ఇన్నేళ్ళలో ఒక్క నాటకం ముగింపు కూడా ఆమె చూడలేదు.

క్లిఫ్ పనీ అక్కడే. నేలకు ఎంతో ఎత్తున, చెక్క వంతెన మీద నిలబడి తాళ్ళు లాగుతూ తెరలు ఎత్తడం, దించడం. అతన్ని ఆమె ఎన్నోసార్లు అడిగింది.

"చివర్లో ఏమవుతుంది, క్లిఫ్?"

"తెర దిగుతుంది."

"అది కాదయ్యా. కథలో?"

"కథ సంగతి నాకేం తెలుసు? ఎర్ర దీపం ఆరితే లాగుతాను."

క్లిఫ్ ముందే పని మానేశాడు, భుజం మానిపించింది. ఈ వసంతంలో బెరిల్ కూడా మానేసింది. బట్టల గదిలో పనిచేసేవాళ్ళంతా కలిసి ఆమెకు ఒక కానుక ఇచ్చారు: ఈ రెస్టారెంటులో ఇద్దరికి భోజనం, ఆమె చివరి రెండేళ్ళు పనిచేసిన నాటకానికే రెండు సీట్లు, అవీ ముందు వైపు, జనంలో. ఏ రోజు వీలైతే ఆ రోజు రమ్మన్నారు. వేసవంతా ఆ కవరు వంటింటి సొరుగులో ఉండిపోయింది. ఒకరోజు ఆమె మోకాళ్ళు, ఒకరోజు అతని భుజం, ఒకరోజు వాన. తీరా చూస్తే ఈ శనివారంతో నాటకం ఆగిపోతోందని, టికెట్లన్నీ అయిపోయాయని తెలిసింది. బతిమాలితే ఈ సాయంత్రానికి మాత్రం రెండు సీట్లు దొరికాయి. ఇవాళ చూడకపోతే ఇక లేదు. తనే రెండేళ్ళు బట్టలు తొడిగిన మిస్ ఫెన్విక్ ఆఖరి దృశ్యంలో ఏం చేస్తుందో అందరిలాగా ముందు కూర్చుని చూడాలి. బెరిల్‌కు ఉన్న కోరికల్లో ఇంకా అలిసిపోనిది అదొక్కటే.

తలుపు దగ్గర చిన్న పొరపాటు జరిగింది. వెనకాలే వచ్చిన ఒకావిడ నల్ల గౌనులో ఉన్న బెరిల్‌ను చూసి, చూసీ చూడనట్టుగా, తన కోటు ఆమె చేతుల్లోకి జారవిడిచి లోపలికి వెళ్ళిపోయింది. బెరిల్ దాన్ని భుజాల దగ్గర పట్టుకుని, వాన చుక్కలు దులిపి, మడిచి చేతిమీద వేసుకుంది కూడా. తర్వాత గాని తనేం చేసిందో తెలియలేదు.

"రేపట్నించి ఇక్కడికే వచ్చెయ్," అన్నాడు క్లిఫ్. "బాగానే నచ్చినట్టున్నావు."

"నోరు మూసుకో. ఇది ఎవరికివ్వాలో చూడు."

కోట్లు తీసుకునే అసలు పిల్ల నవ్వు ఆపుకుంటూ వచ్చి దాన్ని అందుకుంది. బెరిల్ తన కోటు తనే విప్పుకుంది. ఇంకొకరు వెనక నిలబడి విప్పడం ఆమె ఒంటికి తెలియదు.

గోడ పక్కన, మెత్తటి సోఫా ఉన్న బల్ల ఇచ్చారు. ఆ బల్లలన్నీ చూసుకుంటున్నది ఇనేస్ అనే పోర్చుగల్ అమ్మాయి. చురుకైన కళ్ళు, కళ్ళ కింద మాత్రం అలసట. కూర్చోగానే అక్కడ అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది.

"ఏ నాటకానికి వెళ్తున్నారు, మేడమ్?"

బెరిల్ చెప్పింది.

"పక్కనే కదా, వీధి వంపులో. ఏడున్నరకి తెర. మీరు కంగారు పడకండి, టైమ్ నేను చూసుకుంటాను."

"ఆ తెర నేనే ఎత్తేవాణ్ణి, అమ్మాయ్," అన్నాడు క్లిఫ్. "ఏడున్నరకి ఎప్పుడూ లేవలేదు. ఎవరో ఒకరు బాత్రూమ్‌లో ఉండేవాళ్ళు."

ముందు చిన్న గిన్నెల్లో, గడ్డకట్టిన వెన్న కింద రొయ్యలు వచ్చాయి. బండి చక్రమంత పళ్ళెంలో అరచేతిలో దాగే గిన్నె.

"వీటిని వెతకడానికి టార్చి ఏమన్నా ఇస్తారా?" అన్నాడు క్లిఫ్.

"మెల్లగా మాట్లాడు."

"అసలు ఆటకి ముందు తినడమేంటే? కడుపు నిండా తిని ఆ వంతెన మీద నిలబడగలరా ఎవరైనా? మనం ఎప్పుడన్నా తిన్నామా ఇలా?"

తినలేదు. థియేటర్ పనివాళ్ళు ఆట ముందు ఏదో బిస్కెట్టు ముక్క నోట్లో వేసుకుంటారంతే. అసలు భోజనం ఆట అయ్యాకే. ఇల్లు చేరాక వేయించిన గుడ్లు, రొట్టె, ఒక కప్పు టీ. ఆ పళ్ళెం ముందుకొచ్చిందంటే రోజు అయిపోయినట్టు, తాళ్ళు కట్టేసినట్టు, ఇక నిద్రే. వాళ్ళ ఒళ్ళు అలా మరిగింది.

"ఇవాళ మనం పనివాళ్ళం కాదు," అంది బెరిల్. "తిను."

ఆమెకు మాత్రం కుదురు లేదు. రొయ్యల గిన్నెలు ఖాళీ అవగానే ఒకదానిలో ఒకటి పెట్టి, చెంచాలు ఒక పక్కకు చేర్చి, రొట్టె పొడి అరచేత్తో ఊడ్చి పళ్ళెంలో వేసింది. ఇనేస్ వచ్చి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మేడమ్, దయచేసి. మా మేనేజర్ చూస్తే నన్ను పంపించేసి మిమ్మల్ని పెట్టుకుంటాడు."

"పాడు అలవాటు తల్లీ. చేతులు ఊరుకోవు."

"వాటిని ఒళ్ళో పెట్టుకోండి. నేను గమనిస్తుంటాను."

బెరిల్ నవ్వింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని వేళ్ళ కొసలు మొద్దుబారిన ఆ చేతులు తెల్లటి గుడ్డ కింద ఎవరివో అయినట్టు పడి ఉన్నాయి.

గొర్రెమాంసం వచ్చింది. గంటలకొద్దీ ఉడికి ఎముకనుంచి దానంతటదే జారిపోతోంది. వెన్నలో మెదిపిన బంగాళాదుంపలు, ఎర్ర వైను. క్లిఫ్ వెక్కిరింపులు మానేసి తలవంచుకుని తిన్నాడు. మధ్యలో ఒకసారి తలెత్తి, "ఇది మాత్రం బాగుంది," అన్నాడు. మళ్ళీ తలవంచుకున్నాడు. చుట్టూ చెంచాల చప్పుడు, సీసాల మూతలు, బల్లబల్లకూ అవే మాటలు: ఎవరు బాగా చేశారట, ఎవరు బాగా చెయ్యలేదట, పోయినసారి మనం చూసింది ఏది. కిటికీ అద్దం మీద పక్క థియేటర్ దీపాలు వానలో కరిగి కిందికి పారుతున్నాయి.

ఏడు కావస్తుండగా ఇద్దరూ ఒక్కసారిగా తలలెత్తారు. ఎవరూ పిలవలేదు. అయినా ఆ సమయంలో థియేటర్ లోపల అన్ని గదుల్లోనూ గోడ పెట్టెలోంచి ఒక గొంతు వినిపిస్తుంది, తెరకు ఇంక అరగంటే ఉందని. ఆ పిలుపుకి మనిషి లోపల లేకపోతే ఉద్యోగం పోయినట్టే. బెరిల్ మడమలు నేలమీద బిగుసుకున్నాయి. క్లిఫ్ కత్తి కింద పెట్టాడు.

"విన్నావా?" అన్నాడు.

"లేని దాన్ని ఏం వింటాం. తిను."

"నీకు వినపడింది. ముఖం చూస్తే తెలీదా?"

ఇద్దరూ కాస్త సిగ్గుగా నవ్వుకున్నారు.

అప్పుడే పోటు తిరిగింది. ఒక బల్ల లేచింది, రెండు లేచాయి. కుర్చీలు జరిగే చప్పుడు, కోట్ల దులుపుడు, "నా గొడుగేదీ" అనే గొంతులు. ఇనేస్ బల్లల మధ్య చేపపిల్లలా ఈదుతోంది. బెరిల్ చెంపకు చెయ్యి ఆనించుకుని ఆ వెళ్ళేవాళ్ళను చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళూ తను పక్క చీకట్లో నిలబడి విన్న దగ్గూ, నవ్వూ, గుసగుసా వీళ్ళదే కాబోలు. వాటికి ముఖాలుంటాయని ఎప్పుడూ తట్టలేదు.

ఇటు తిరిగి చూసేసరికి క్లిఫ్ నిద్రపోతున్నాడు.

గోడకు తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, తెల్లగుడ్డ ఒళ్ళో నలిగి. మాంసం, వైను, వెచ్చదనం. పళ్ళెం ముందుకొచ్చి ఖాళీ అయింది కనుక అతని ఒంటి లెక్కలో ఆట అయిపోయింది.

"క్లిఫ్."

పలకలేదు. ఆమె అతని మోచెయ్యి తట్టింది. అతను ఊఁ అని, భుజం నొప్పికి నుదురు ముడుచుకుని, మళ్ళీ లోతుకు జారిపోయాడు. ముడి విడిపోయింది. నుదురు నునుపైంది. బెరిల్ చెయ్యి గాల్లోనే ఆగింది.

నిన్న రాత్రంతా అతను వంటింట్లో కుర్చీలో కూర్చునే ఉన్నాడు. మొన్న కూడా. పడుకుంటే భుజం పడుకోనివ్వదు. గోడ అవతలినుంచి కెటిల్ మరిగే చప్పుడు, కుర్చీ కిర్రుమనే చప్పుడు, రేడియో మరీ చిన్నగా. ఎన్నో వారాలుగా అతని ముఖం ఇలా సడలడం ఆమె చూడలేదు.

ఇనేస్ వచ్చింది. బిల్లు అవసరం లేదు కనుక చేతిలో ఏమీ లేదు. "మేడమ్, మీరు లేవాలి ఇక," అని, క్లిఫ్‌ను చూసి ఆగింది. "సార్‌కి ఒంట్లో బాగాలేదా?"

"నిద్రపోయాడు."

"లేపనా? నేను లేపుతాను. మా నాన్నను లేపినట్టు చెవిలో అరుస్తాను."

"వద్దు తల్లీ."

"మరి నాటకం?"

బెరిల్ కిటికీ వైపు చూసింది. పక్క థియేటర్ మెట్ల మీద చివరి మనుషులు గొడుగులు మూసుకుని లోపలికి పోతున్నారు.

"మీరొక్కరే వెళ్ళిరండి," అంది ఇనేస్. "ఈయన్ను నేను చూసుకుంటాను. మాకు ఇప్పుడు ఎవరూ రారు. ఎక్కడికీ పారిపోడు కదా?"

బెరిల్ లేచింది. కోటు తెప్పించుకుంది. ఒక చెయ్యి దూర్చింది కూడా. తలుపు దగ్గర ఇత్తడి పిడి పట్టుకుని వెనక్కి చూసింది. అంత పెద్ద గది ఖాళీ. తెల్లటి బల్లల మధ్య, బట్టలు మాత్రమే కూర్చున్నట్టు, ఒక పాత సూటు. లేచి చూసేసరికి పక్కన తను లేకపోతే ఎక్కడున్నాడో తెలియక, ఆ పెద్ద చేతులతో బల్ల తడుముకుంటాడు. ఆమె పిడి వదిలేసింది.

తిరిగి వచ్చి తన చోట్లో కూర్చుంది. బూట్లలోంచి మడమలు బయటికి తీసింది. అలసట కాళ్ళలోంచి నడుముకు, నడుంలోంచి మెడకు నెమ్మదిగా ఎక్కింది. ఒక సాయంత్రం, ఒకే ఒక్క సాయంత్రం అనుకుంది. కోపం రావాలి గానీ కోపానికి కూడా ఓపిక కావాలి.

ఇనేస్ అడగకుండానే కాఫీ, వేడి ఖర్జూరం కేకు తెచ్చిపెట్టింది. ఎదుటి కుర్చీ లాక్కుని అంచు మీద కూర్చుంది.

"తెర లేచిపోయుంటుంది," అంది.

"లేవలేదు. ఇంకా ఎవరో బాత్రూమ్‌లో ఉండి ఉంటారు."

ఇద్దరూ నవ్వారు, క్లిఫ్ లేవకుండా నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని.

"చాలా మంచి నాటకమట. పోనీ కథేంటో చెప్పండి," అంది ఇనేస్.

"సముద్రం పక్కన ఒక ఇల్లు. భర్త పోయాడు. ఆవిడ ఇల్లు అమ్మెయ్యాలి. అమ్మాలా వద్దా అని మొదటి సగమంతా. ఇప్పుడు బూడిదరంగు గౌనులో ఉంటుంది, పైన అల్లిన శాలువా. వకీలు వస్తాడు. తర్వాత నలుపు."

"మీరు చూశారన్నమాట."

"చూడలేదు. పై గదిలో గోడకు పెట్టె ఉంటుంది, అందులోంచి వినపడుతుంది. మాటలన్నీ వచ్చు. ఎక్కడ దగ్గుతారో కూడా వచ్చు. చివర మాత్రం తెలీదు. చివర్లో మాటల్లేవు. పడవ కూత వినపడుతుంది, అడుగులు, తలుపు. అంతే."

"నేను ఇక్కడికొచ్చి నాలుగేళ్ళు," అంది ఇనేస్. "రోజూ వందమందిని నాటకాలకు పంపిస్తాను. ఒక్కటీ చూడలేదు. జనం వెళ్ళాక బల్లలు తుడవాలి, వాళ్ళు తిరిగొచ్చేలోపు మళ్ళీ పరవాలి."

వంటగదిలో ఎవరో గిన్నె జారవిడిచారు. క్లిఫ్ గురక సన్నగా సాగుతోంది, ఎక్కడో పైన తాడు చక్రం మీద తిరుగుతున్నట్టు.

"మేడమ్," అంది ఇనేస్ ఉన్నట్టుండి. "మొదటి సగం మాటలన్నీ మీకు వచ్చు కదా. చూడనిది రెండోదే కదా. ఇంటర్వెల్లో లోపలికి పోనిస్తారు."

బెరిల్ చెంచా పళ్ళెంలో పెట్టింది. ముప్పై ఏళ్ళు అదే భవనంలో పనిచేసి ఆ మాట తనకే తోచలేదు. ఎందుకంటే ఆలస్యంగా వచ్చినవాళ్ళ సంగతి ఎప్పుడూ ముందు వైపు పనిచేసేవాళ్ళది.

ఆ తర్వాత గంట ఆమె జీవితంలో అన్నిటికంటే మెల్లగా గడిచింది. కేకు తింది, కాఫీ తాగింది. కళ్ళు మూసుకుంటే బూడిదరంగు గౌను కదిలింది. ఇప్పుడు వకీలు. ఇప్పుడు కిటికీ దగ్గర పెద్ద డైలాగు. ఇప్పుడు శాలువా జారుతుంది. కొత్తగా వచ్చిన పిల్ల మెట్ల కింద నలుపు పట్టుకుని నిలబడి ఉంటుంది, లోపలి వైపు తిప్పి, హుక్కులన్నీ తెరిచి. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. వేళ్ళు మాత్రం ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి.

కిటికీలోంచి థియేటర్ తలుపులు తెరుచుకోవడం, పొగ తాగేవాళ్ళు మెట్లమీదికి రావడం కనిపించగానే ఆమె క్లిఫ్‌ను లేపింది. ఈసారి లేచాడు. చుట్టూ ఖాళీ బల్లలు చూశాడు.

"అయిపోయిందా?"

"సగం అయింది."

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ముఖం నల్లబడింది. "లేపలేదేం? చెంప మీద కొట్టాల్సింది."

"కొట్టేదాన్నే. గురక మంచి రాగంలో ఉందని ఊరుకున్నా."

"బెరిల్..."

"లే. రెండో సగం ఉంది."

బయట వాన పల్చబడింది. వెనకనించి ఇనేస్ ఏదో అంటే చెయ్యి ఊపారు. అతను ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. తలలు వంచుకుని ఇద్దరూ గబగబా నడిచారు. మెట్ల దగ్గర నిండా జనం, వెలుతురు. వాళ్ళ కాళ్ళు మాత్రం వెలుతురును తప్పించుకుని, గోడ మలుపు తిరిగి, ఉల్లిపాయల వాసన వేసే సందులోకి మళ్ళాయి. తల ఎత్తేసరికి ఇద్దరూ పనివాళ్ళ తలుపు ముందు, చిన్న దీపం కింద నిలబడి ఉన్నారు.

"ఎక్కడికొచ్చామే మనం?" అన్నాడు క్లిఫ్.

తలుపు మెట్టు మీద మెడలో కొలత టేపు వేసుకుని, ఆదరాబాదరాగా సిగరెట్ పీలుస్తోంది ప్రూ. బట్టల గదికి పెద్ద. బెరిల్‌కు పదేళ్ళు చిన్నదైనా ఆమె మీద అధికారి.

"బెరిల్. అమ్మయ్య. నీకెవరు ఫోన్ చేశారు?"

"ఎవరూ చెయ్యలేదు. ఏమైంది?"

"కొత్త పిల్ల జ్వరంతో ఇంటికి పోయింది. ఫెన్విక్‌కి నేనొక్కదాన్నే. మొదటి సగం ఎలాగో లాగించాను. ఆ చివరి మార్పుంది చూడు, నలుపు విప్పి ప్రయాణపు కోటు, దానికి నా రెండు చేతులు చాలవు. రా, పది నిమిషాల పని."

తెరిచిన తలుపులోంచి ఇస్త్రీ ఆవిరి, పౌడరు, వేడెక్కిన దీపాల వాసన. బెరిల్ కుడికాలు అప్పటికే మెట్టు మీద ఉంది. చెయ్యి సంచిలోకి వెళ్ళి పిన్నీసుల డబ్బా పట్టుకుంది. లోపల ఆమె కోసం చోటు ఖాళీగా ఉంది, ఆమె కొలతకే కుట్టించినట్టు. నిద్రపోయినవాడికి ఏం మాట్లాడే హక్కుంటుందని కాబోలు, క్లిఫ్ వానలో నిలబడి గోడవైపు చూస్తున్నాడు.

"నాకు టికెట్ ఉంది, ప్రూ," అంది బెరిల్.

ప్రూ నవ్వింది. "టికెట్టా? పక్కనుంచి ఊరికే చూడచ్చుగా."

"పక్కనుంచి ఏం కనిపిస్తుందో నీకు తెలీదా?"

"ఒక్క పది నిమిషాలు, బెరిల్."

"నేను ఇక్కడ బతికిందంతా ఆ పది నిమిషాలే." గొంతులో కోపం లేదు. చాలా అలిసిపోయిన మనిషి బరువు దించినట్టు అంది. "ఎడమ చెయ్యి ముందు దూర్చు. కుడిది ఆవిడే చూసుకుంటుంది. మెడ దగ్గర హుక్కు ఆఖర్న."

"సరేలే." ప్రూ సిగరెట్ తడి రాతి మీద నలిపింది. "దొరసానమ్మలా కూర్చుని చూడు."

తలుపు మూసుకుంది. బెరిల్ కాలు మెట్టు మీదినుంచి తియ్యడానికి క్లిఫ్ చెయ్యి ఆసరా కావలసి వచ్చింది. ఇద్దరూ సందు దాటి వెలుతురున్న మెట్లెక్కారు.

ముందు హాల్లో ఎర్ర తివాచీ. లోపలికి తీసుకెళ్ళిన కుర్రవాడు చేతిదీపంతో వరుస చూపించాడు. మెత్తని కుర్చీ ఆమెను మెల్లగా మింగింది. దీపాలు ఆరాయి.

ఆమెకు మాటలన్నీ తెలుసు. అయినా మిస్ ఫెన్విక్ ముఖం ఆ మాటలు అంటున్నప్పుడు ఎలా ఉంటుందో తెలియదు. నవ్వుతూ అంటుందనుకున్న మాటలు నవ్వకుండా అంది. ఏడుస్తుందనుకున్న చోట గోడమీద ఏదో గీత చెరుపుతోంది. ఇల్లు అమ్ముడైంది. వకీలు వెళ్ళాడు. ఆమె లోపలికి వెళ్ళింది.

స్టేజి మీద ఒక కుర్చీ, కిటికీ, ఒక పెట్టె, వెలుగుతున్న దీపం. దూరంగా పడవ కూత వినిపించింది. ఆ కూత మీదే ఆమె రావాలి.

రాలేదు.

హాలంతా నిశ్శబ్దం. ఎవరూ దగ్గలేదు. ముందు వరుసలో ఒక ముసలాయన ముందుకు వంగాడు. ఒకామె పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుంది. ఆ ఖాళీ కుర్చీ ఇంకెప్పటికీ ఖాళీగానే ఉండిపోతుందేమోనన్న భయం వరుస వరుసకూ పాకింది. వాళ్ళకది కథ. బెరిల్‌కు మాత్రం తెలుసు: చీకట్లో ప్రూ ఒక్కతే మోకాళ్ళ మీద ఉంది. కుడిచెయ్యి ముందు దూర్చి ఉంటుంది. కోటు వీపు మీద మెలిపడి ఉంటుంది. బెరిల్ వేళ్ళు ఒళ్ళోనే, లేని హుక్కును పట్టుకుని లాగుతున్నాయి. ఆమె కుర్చీ అంచుకు జరిగింది.

క్లిఫ్ తన పెద్ద చెయ్యి ఆమె చేతుల మీద పెట్టాడు.

"కూర్చో," అన్నాడు చెవిలో.

"కూర్చునే ఉన్నా."

కూత రెండోసారి మోగింది. ఎవరో ఎక్కడో ఆలోచించి మళ్ళీ మోగించారు. అప్పుడు మిస్ ఫెన్విక్ వచ్చింది. ప్రయాణపు కోటులో, ఒక కఫ్ లోపలికి ముడుచుకుపోయి, మెడ దగ్గర హుక్కు తెరుచుకునే ఉండి. ఊపిరి ఇంకా సర్దుకోలేదు. ఎవరూ అవి చూడలేదు. ఆమె పెట్టె తీసుకుంది. దీపం ఆర్పింది. బెరిల్‌కు బాగా తెలిసిన ఆ అడుగులు, నాలుగో అయిదో, తలుపు వైపు.

తలుపు దగ్గర ఆగి ఆమె వెనక్కి చూసింది. ఇల్లంతా ఒక్కసారి, తొందర లేకుండా. తర్వాత వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

రెండేళ్ళు బెరిల్ ఆ అడుగులు విన్నది. ఆ తలుపు విన్నది. మధ్యలో కాసేపు ఏమీ వినిపించని చోటొకటి ఉంటే, ఆవిడ గొళ్ళెం తీస్తోందని అనుకుంది. వెనక్కి చూస్తోందని ఎప్పుడూ తెలియలేదు.

చుట్టూ చప్పట్లు మొదలయ్యాయి. మనుషులు లేచి నిలబడుతున్నారు. బెరిల్ లేవలేదు. క్లిఫ్ చెయ్యి కింద ఆమె చేతులు, ఎట్టకేలకు, కదలకుండా ఉన్నాయి.